అయిదు టంకశాలలు, ఒక జార్జి రూపాయి: మోర్గాన్ డాలర్ల ప్రాజెక్టు డైరీ

మోర్గాన్ వెండి డాలర్ల పని ఒక కొలిక్కి వస్తోంది కాబట్టి, ఇప్పటిదాకా నోటుపుస్తకంలో గీకిపెట్టుకున్నదంతా ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. పనేంటంటే, 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో ఒక్క ఏడాది, అమెరికా ముద్రించిన పెద్ద వెండి డాలర్ ఉంది కదా, దాన్ని కొట్టిన టంకశాలలు మొత్తం అయిదు: ఫిలడెల్ఫియా, శాన్ ఫ్రాన్సిస్కో, న్యూ ఆర్లీన్స్, కార్సన్ సిటీ, డెన్వర్. ఒక్కో టంకశాల నుంచి ఒక్కో నాణెం సంపాదించి, తూకం వేసి, నీళ్ళ పరీక్ష చేసి, వరసగా ఒకే పలకలో అమర్చాలి. ఇంకో గూట్లో మాత్రం డాలర్ కాదు, 1918 నాటి మన జార్జి రూపాయి, అంటే అయిదో జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంటుంది. అమెరికా నాణేల వరసలో రూపాయికేం పని అని అడిగేవాళ్ళు ఉంటారు. నా దృష్టిలో ఆ రూపాయి లేకపోతే ఈ వరస పూర్తి కాదు, ఎందుకో జూన్ నెల దగ్గర వివరంగా రాశాను.

నేనుండేది కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో. కార్సన్ సిటీ కారులో వెళ్ళొచ్చేంత దూరం. ఇది కూడా ఈ పనికి బాగా కలిసొచ్చింది.

జనవరి

ముందు సామాను. గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న తూకం మిషన్, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, కొలవడానికి కాలిపర్, గాజు గ్లాసు, సన్న దారం. ఇంతే. నాణేలు పెట్టడానికి గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలు, 38 మిల్లీమీటర్లవి. మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం కొనొద్దు, అవి కొన్నేళ్ళకు జిగురుగా పచ్చటి మురికి వదులుతాయి, అది వెండిని తినేస్తుంది. షాపులో అలాంటి కవర్లో ఉన్న నాణెం కొంటే ఇంటికి రాగానే బయటికి తీసేయాలి.

కొలతలు గోడ మీద అంటించుకున్నాను: బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. అసలు వెండి ఎంత అంటే 371.25 గ్రెయిన్లు, అంటే దాదాపు 24 గ్రాములు. ఈ 371.25 అన్న అంకె 1792 నాటి నాణేల చట్టం నుంచి వస్తోంది, అప్పట్నుంచి మోర్గాన్ దాకా మామూలు డాలర్‌లో వెండి ఎంతుండాలో అమెరికా మార్చలేదు. 1837లో కలిపే రాగి తగ్గించి మొత్తం బరువు 412.5 గ్రెయిన్లకు దించారు గానీ లోపలి వెండిని ముట్టుకోలేదు. ఈ 371.25ని గుర్తు పెట్టుకోండి, రూపాయి దగ్గర మళ్ళీ పని పడుతుంది.

మొదటి నాణెం ఫిలడెల్ఫియాది. ప్రధాన టంకశాల అది, అక్కడ కొట్టిన వాటి మీద గుర్తేమీ ఉండదు. మిగతా నాలుగింటికీ బొరుసు వైపు, దండ ముడి కింద, డాలర్ అన్న మాటకి కాస్త పైన చిన్న అక్షరం ఉంటుంది: శాన్ ఫ్రాన్సిస్కోకి ఎస్, న్యూ ఆర్లీన్స్‌కి ఓ, డెన్వర్‌కి డి, కార్సన్ సిటీకి సి సి.

ఏ ఏడాదిది తీసుకోవాలా అని పెద్దగా ఆలోచించలేదు, 1878దే కావాలనుకున్నాను. కారణం డేగ తోక. ఈ డాలర్ గీసింది జార్జి టి. మోర్గాన్, ఇంగ్లండ్‌లో పుట్టి, అక్కడే పని నేర్చుకుని, 1876లో ఫిలడెల్ఫియా చేరిన శిల్పి. బొమ్మ వైపు లిబర్టీ, అంటే స్వేచ్ఛకి గుర్తుగా వేసే స్త్రీ ముఖానికి ఫిలడెల్ఫియా టీచరు అన్నా విలెస్ విలియమ్స్ నమూనాగా కూర్చుంది. బొరుసు వైపు డేగకి మొదట ఎనిమిది తోక ఈకలు పెట్టాడు. డేగ తోకలో ఈకలు బేసి సంఖ్యలో ఉండాలని పైనుంచి అభ్యంతరం వచ్చి ఏడుకి మార్చారు. అయితే అప్పటికే తయారైన అచ్చులు పారేయకుండా కొన్నిటి మీద ఎనిమిది ఈకల పైనే ఏడు ఈకల బొమ్మ మళ్ళీ దిగ్గొట్టారు.

నేను కొన్నది ఆ రకం. భూతద్దం కింద పెట్టి, దీపం పక్క నుంచి పడేలా ఏటవాలుగా తిప్పితే, ఏడు ఈకల చివర్ల కింద పాత ఈకల మొనలు సన్నగా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అన్నీ కాదు, కొన్నే, ఒకటి గోరు చివరంత, మరొకటి మరీ చిన్నది. అచ్చు చెక్కినవాళ్ళు 1878 వసంతంలో ఎంత హడావిడిలో ఉన్నారో అక్కడ అచ్చంగా చూడొచ్చు. వెండి డాలర్లు కొట్టాలన్న కొత్త చట్టం ఫిబ్రవరి 28న వచ్చింది, మొదటి నాణేలు మార్చి 11న కొట్టారు.

తూకం: 26.58. అరిగిన నాణేనికి బాగానే ఉంది.

ఫిబ్రవరి

ఈ నెల ఎక్కువగా చదువుతూ గడిచింది. అసలు ఇన్ని డాలర్లు ఎందుకు కొట్టారన్నది అర్థం కాకుండా ఇవి పోగేయడంలో రుచి లేదనిపించింది.

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ గని బయటపడ్డాక వెండి కుప్పలు తెప్పలుగా వచ్చింది. 1873లో నాణేల చట్టం మారుస్తూ మామూలు వెండి డాలర్‌ని జాబితాలోంచి తీసేశారు. గనుల వాళ్ళకి, అప్పుల్లో ఉన్న రైతులకి అది కడుపు మీద కొట్టినట్టయింది, ఆ చట్టాన్ని వాళ్ళు ‘73 నేరం’ అని పిలిచారు. అయిదేళ్ళ గొడవ తర్వాత బ్లాండ్ అల్లిసన్ చట్టం వచ్చింది: ఖజానా నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని డాలర్లు కొట్టి తీరాలి. అధ్యక్షుడు హేస్ వీటో చేస్తే కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చి పాస్ చేసింది. తర్వాత 1890లో షెర్మన్ చట్టం వచ్చి నెలకి 45 లక్షల ఔన్సులు కొనమంది, 1893 ఆర్థిక సంక్షోభంలో దాన్ని రద్దు చేశారు.

అంటే ఇవి జనం అడిగితే కొట్టిన నాణేలు కావు. అంత బరువు జేబులో వేసుకుని తిరగడం తూర్పు రాష్ట్రాల వాళ్ళకి ఇష్టం లేదు, వాళ్ళు వాటి బదులు, కావాలంటే వెండి డాలర్లకి మార్చుకోగల కాగితపు సిల్వర్ సర్టిఫికెట్లు వాడుకున్నారు. నాణేలు వెయ్యేసి చొప్పున బస్తాల్లో కట్టి ఖజానా నేలమాళిగల్లో పేర్చారు. ఒక్కో బస్తా 26 కిలోల పైచిలుకు. అలా దశాబ్దాల తరబడి కదలకుండా పడి ఉండటం వల్లే వందేళ్ళు దాటిన నాణెం ఇవాళ కూడా నిన్న అచ్చు నుంచి ఊడిపడ్డట్టు మెరుస్తూ దొరుకుతోంది.

అలా మెరిసేది ఈ నెలలోనే ఒకటి కొన్నాను, శాన్ ఫ్రాన్సిస్కో, 1881. ఆ ఏడాది అక్కడ 1,27,60,000 కొట్టారు, అరుదైనది కాదు, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ ముద్ర ఎంత లోతుగా పడిందో! లిబర్టీ చెవి పైన జుట్టు పాయలు ఒక్కొక్కటీ విడివిడిగా, డేగ రొమ్ము మీద ఈకలు లెక్కపెట్టేటట్టు. బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే నేల భాగం అద్దంలా నిగనిగలాడుతోంది. నాణేలు కొట్టడంలో ఏ టంకశాల గొప్పదని ఎవరైనా అడిగితే 1879 నుంచి 1882 దాకా శాన్ ఫ్రాన్సిస్కో అని మరో ఆలోచన లేకుండా చెప్తాను. 1874లో కట్టిన ఆ రాతి భవనం 1906 భూకంపానికీ, తర్వాత ఊరంతా అంటుకున్న మంటలకీ తట్టుకుని నిలబడింది, ఇప్పటికీ ఉంది.

మార్చి

న్యూ ఆర్లీన్స్ వంతు. 1885, ఓ గుర్తు. శాన్ ఫ్రాన్సిస్కో దాని పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది, చెవి పైన జుట్టు చదునుగా, అరిగిపోయినట్టు ఉంటుంది. అరుగుదల కాదది. అరిగితే ఆ చోట కాంతి కూడా పోవాలి, ఇక్కడ కాంతి అలాగే ఉంది. అచ్చు సరిపడా బలంగా దిగలేదు, లోహం ఆ లోతులోకి పూర్తిగా పారలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ తేడా పట్టుకోవడం నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఈ టంకశాల నాణేల కథలో నాకు బాగా నచ్చేది 1903 నాటిది. 1962కి ముందు దాన్ని మోర్గాన్ వరసలోనే దొరకని నాణెంగా లెక్కేసేవాళ్ళు, కేటలాగుల్లో పదిహేను వందల డాలర్ల ధర ఉండేది. 1962 చివర్లో క్రిస్మస్ కోసం బ్యాంకులకి వెండి డాలర్లు పంపడానికి ఫిలడెల్ఫియా నేలమాళిగలో ఏళ్ళ తరబడి సీలు వేసి ఉంచిన ఒక గది తెరిస్తే, బస్తాల కొద్దీ న్యూ ఆర్లీన్స్ డాలర్లు బయటపడ్డాయి, వాటిల్లో 1903వి కూడా బోలెడు. ధర దబ్బున కూలింది. ఆ వార్త పాకడంతో జనం సిల్వర్ సర్టిఫికెట్లు పట్టుకుని ఖజానా ముందు బారులు తీరారు, 1964 మార్చిలో డాలర్ నాణేలు ఇవ్వడం ఆపేసేదాకా అదే వరస.

ఎన్ని కొట్టారన్న లెక్కకీ ఎన్ని మిగిలాయన్న లెక్కకీ సంబంధం లేదని నాకు గట్టిగా తలకెక్కింది ఇక్కడే.

ఏప్రిల్

నీళ్ళ పరీక్ష గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

గ్లాసులో ముప్పావు వంతు నీళ్ళు పోసి తూకం మీద పెట్టి సున్నా చెయ్యాలి. నాణేన్ని సన్న దారంతో ఉచ్చు వేసి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా, కానీ అడుగుకీ పక్కలకీ తగలకుండా వేలాడదీయాలి. చెయ్యి వణుకుతుంది కాబట్టి నేను పుస్తకాల దొంతర మీద పెన్సిల్ పెట్టి దానికి కట్టాను. అప్పుడు తూకం చూపించే అంకె నాణెం పక్కకి తోసిన నీళ్ళ బరువు. నాణెం బరువుని ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 90 శాతం వెండికి 10.3 దరిదాపుల్లో రావాలి. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, అందుకని ముందు ఒకసారి ముంచి తీసి మళ్ళీ ముంచాలి.

శాన్ ఫ్రాన్సిస్కోది 26.72 గ్రాములు, నీళ్ళలో 2.59. భాగిస్తే 10.32. న్యూ ఆర్లీన్స్‌ది కూడా అటూ ఇటూగా అంతే. అయస్కాంతానికి ఏదీ అంటుకోలేదు. నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి, ఇనుము కలిపినవి అయస్కాంతానికి, వెండి పూత పూసిన ఇత్తడి సాంద్రతకి. అయితే అసలు నాణెం మీద దొంగ అక్షరం అతికించి అరుదైన దానిలా అమ్మే మోసాన్ని నీళ్ళ పరీక్ష పట్టుకోలేదు. దానికి భూతద్దమే దిక్కు, అక్షరం చుట్టూ అతుకు గీత ఉందా, అక్షరం నిలబడ్డ తీరు ఆ ఏడాది అసలు నాణేల ఫొటోలతో కలుస్తోందా అని చూడాలి. ఖరీదైన వాటిని, నాణెం అసలుదా కాదా, ఏ స్థితిలో ఉందో తేల్చే గ్రేడింగ్ సంస్థలు సీలు చేసిన డబ్బీల్లోనే కొనడం మంచిది.

తోమడం గురించి కూడా ఇక్కడే చెప్తాను. మనిళ్ళల్లో వెండి సామాను విభూతితోనో చింతపండుతోనో తోమి తళతళలాడించడం అలవాటు. నాణేలకి అది విషం. తోమితే పైపొర మీద సన్నటి గీతలు పడతాయి, అచ్చు దిగినప్పుడు లోహం పారి ఏర్పడిన మెరుపు పోతుంది, ఇక ఎన్నటికీ తిరిగి రాదు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని ఊరికే అనలేదు మనవాళ్ళు. పీవీసీ జిగురు పట్టిన దాన్ని మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో కాసేపు ఉంచి, రుద్దకుండా, ఆరబెట్టేస్తే చాలు. గోళ్ళ రంగు చెరిపే సీసాలోది పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుస్తాయి. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చెయ్యండి.

మే

కార్సన్ సిటీ వెళ్ళొచ్చాను. హైవే 50 మీద సియెరా కొండలెక్కి, టాహో సరస్సు పక్కనుంచి దిగితే ఊరు. టంకశాల భవనం ఇప్పుడు నెవాడా స్టేట్ మ్యూజియం. గోడలకి వాడిన ఇసుకరాయి అక్కడి జైలు క్వారీలోంచి తెచ్చింది. 1870లో మొదలై 1885 దాకా, మళ్ళీ 1889 నుంచి 1893 దాకా ఇక్కడ నాణేలు కొట్టారు. వర్జీనియా సిటీ గనులు పక్కనే కాబట్టి వెండి అంత దూరం మోసుకెళ్ళకుండా ఇక్కడే కొట్టేద్దామని పెట్టిన టంకశాల ఇది.

లోపల అసలు చూడాల్సింది ఒకటో నంబరు ప్రెస్సు. నాణేలు కొట్టిన ఆ యంత్రమే అక్కడుంది, ఫిలడెల్ఫియాలో మోర్గాన్ అండ్ ఓర్ కంపెనీ 1869లో చేసింది. ఈ మోర్గాన్ వేరు, శిల్పి మోర్గాన్ వేరు. ముందు నిలబడితే దాని ఆకారం చూసి నోట మాట రాదు, నల్లటి ఇనుప కమాను, పెద్ద చక్రం. 1878లో ఆ కమాను పగిలితే పక్కనున్న వర్జీనియా అండ్ ట్రకీ రైల్వే షాపు వాళ్ళు కొత్తది పోతపోసి బిగించి, తమ పేరుతో ఇత్తడి పలక కూడా వేశారు, అది ఇప్పటికీ దాని మీదే ఉంది. 1960ల్లో దేశమంతా చిల్లరకి కటకటలాడినప్పుడు ఈ ముసలి యంత్రాన్నే డెన్వర్ తీసుకెళ్ళి మళ్ళీ పనిలో పెట్టారు. ఇప్పటికీ అప్పుడప్పుడు దాని మీద మ్యూజియం వాళ్ళు వెండి పతకాలు కొడతారు.

అక్కడి నాణెం ఏది తీసుకోవాలన్న దాని మీద కొంత తర్జనభర్జన పడ్డాను. 1889లో కొట్టింది 3,50,000, అది మనలాంటివాళ్ళకి అందే ధరలో దొరకదు. చివరికి 1884 తీసుకున్నాను, అమెరికా ప్రభుత్వ సంస్థ జీఎస్ఏ (జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్) డబ్బీలో ఉన్నది. ఈ డబ్బీ కథ తెలుసుకోదగ్గది. 1964లో ఖజానా అమ్మకం ఆపేసినప్పుడు లోపల దాదాపు 30 లక్షల డాలర్లు మిగిలిపోయాయి, వాటిల్లో అత్యధికం కార్సన్ సిటీవే. 1972 నుంచి 1980 దాకా ప్రభుత్వమే వాటిని ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి పోస్టులో అమ్మింది. 1884లో కార్సన్ సిటీలో కొట్టినవి 11,36,000 అయితే అందులో తొమ్మిది లక్షలకు పైగా ఆ నేలమాళిగలోనే దొరికాయి! కొట్టినవాటిల్లో ఎనభై శాతం పైన, ఎవరి చేతిలోనూ నలగకుండా. అమెరికాలో సగటు మనిషి జేబులో ఒక్కసారి కూడా చేరని నాణెం ఇవాళ అందరికీ అందుబాటులో ఉంది, అదే ఊళ్ళో అయిదేళ్ళ తర్వాత కొట్టిన దాని ధర ఆకాశంలో ఉంది.

ఈ డబ్బీని తెరవను. అందువల్ల దీనికి నీళ్ళ పరీక్ష లేదు, పలకలో దీనికి పొడుగాటి గూడు కొయ్యాలి.

తిరుగుదారిలో రీనో గుర్తొచ్చింది. లావీర్ రెడ్‌ఫీల్డ్ అనే ఆయన అక్కడ తన ఇంటి నేలమాళిగలో గోడ వెనక నాలుగు లక్షల పైగా వెండి డాలర్లు దాచుకున్నాడు, 1974లో ఆయన పోయాక బయటపడ్డాయి, 1976లో వేలంలో 73 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి.

జూన్

ఇక రూపాయి సంగతి. ఈ మొత్తం పనిలో నన్ను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టింది ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి కావలసిన జనుము, గోధుమ, తోలు అన్నీ ఇండియా నుంచి పోతుండేవి, ఇక్కడ రైతుకీ కూలికీ చెల్లింపులు మాత్రం వెండి రూపాయిల్లో జరగాలి. పల్లెల్లో నోటుని ఎవరు నమ్ముతారు, బిళ్ళ చేతిలో పడితేనే బేరం. వెండి ధర పెరిగిపోతోంది, కొట్టిన రూపాయి కొట్టినట్టే ఊళ్ళల్లోకి పోయి ఇనప్పెట్టెల్లోనూ, పట్టీలుగా మారి కాళ్ళకీ చేరుతోంది. 1917 నవంబర్ 30న ప్రభుత్వం ఒక రూపాయి నోటు తెచ్చింది, మరుసటి ఏడాది రెండున్నర రూపాయల నోటు కూడా. రెండణాల బిళ్ళని 1918లో వెండి నుంచి నికెల్ మిశ్రమానికి మార్చారు, పావలా, అర్ధరూపాయి 1919లో. ఆ మూలలు గుండ్రంగా ఉన్న చదరపు రెండణాల బిళ్ళ మీద విలువ తెలుగు అక్షరాల్లో కూడా ఉంటుంది, చిన్నప్పుడు చూసినవాళ్ళు ఉండే ఉంటారు. అటు నిజాం రాజ్యం కూడా 1918లోనే సొంత నోట్ల చట్టం చేసుకుంది.

1918 మొదట్లో నోట్లు తెచ్చి వెండి ఇమ్మనే జనం పెరిగారు. ఖజానాలో నిల్వలు అడుగంటుతున్నాయి. నోటు ఇస్తే వెండి ఇవ్వలేమని ఒక్కసారి చెప్పాల్సొస్తే యుద్ధం మధ్యలో దేశం ఏమైపోతుందో అని లండన్‌కి టెన్షన్ పట్టుకుంది. అంత వెండి ఒక్కచోట సిద్ధంగా ఉన్నది ప్రపంచంలో ఒక్క అమెరికా ఖజానాలోనే, ఎవరూ వాడని మోర్గాన్ డాలర్ల బస్తాల్లో.

1918 ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం వచ్చింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరు మీద. 35 కోట్ల డాలర్ల దాకా కరిగించి, ఔన్సు ఒక డాలర్ చొప్పున వెండి అమ్మొచ్చు. కరిగించింది 27,02,32,722 నాణేలు. అందులో 25,91,21,554 నాణేల వెండి ఇండియా కోసం బ్రిటన్‌కి అమ్మారు, మిగిలిన 1,11,11,168 నాణేల వెండి అమెరికా సొంత చిల్లరకి పోయింది. 1904 దాకా కొట్టిన మోర్గాన్‌లు ఇంచుమించు 57 కోట్లు, అంటే దాదాపు సగం కొలిమిలోకి పోయాయి. ఏ ఏడాదివి, ఏ టంకశాలవి ఎన్ని కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే కేటలాగులో కొట్టినవి ఇన్ని అని ఉన్న అంకె పట్టుకుని ఇది అరుదు, అది మామూలు అని తేల్చడం కుదరదు.

ఇప్పుడు ఆ 371.25. మన జార్జి రూపాయి 180 గ్రెయిన్లు, సరిగ్గా తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, అంటే 165 గ్రెయిన్లు. 371.25ని 165తో భాగించండి.

2.25. అణా పైసా తేడా లేకుండా రెండుంబావు. ఒక మోర్గాన్ డాలర్ కరిగిస్తే సరిగ్గా రెండుంబావు రూపాయల వెండి. ఆ లెక్కన 25.9 కోట్ల డాలర్లు అంటే 58 కోట్ల పైచిలుకు రూపాయలు! 1918లో, 1919లో కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి ఏడాదికి 40 కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి, అవి ఎక్కడి వెండితో కొట్టారో ఈ లెక్క చూస్తే తెలుస్తోంది. ఫలానా బిళ్ళలో అమెరికా వెండి ఉందని చూపించలేం, కరిగాక వెండికి ఊరూ పేరూ ఉండవు. కానీ కామ్‌స్టాక్ కొండల్లో తవ్విన వెండి కార్సన్ సిటీలో డాలరై, నేలమాళిగలో ముప్పై ఏళ్ళు కూర్చుని, కలకత్తాలో రూపాయై, గుంటూరు జిల్లాలో మిరపకాయల బేరానికో, పెళ్ళికూతురి పట్టీలకో చేరి ఉండటం కథ కాదు, మామూలుగా జరిగిన పనే. మా అమ్మమ్మ పట్టీలు ఏ రూపాయలు కరిగిస్తే వచ్చాయో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

జూలై

రూపాయి ఇంట్లోనే ఉంది నిజానికి. నర్సరావుపేటలో అమ్మ దగ్గర రాజు బొమ్మ రూపాయలు కొన్ని ఉన్నాయి, వరలక్ష్మీ వ్రతానికి, దీపావళి లక్ష్మీ పూజకి బయటికి వస్తాయి. వీడియో కాల్‌లో చూపించమన్నాను.

“అమ్మా, వాటిని విభూతి పెట్టి తోమకే.”

“నల్లగా ఉన్నాయి నాన్నా, అమ్మవారి ముందు అలాగే పెడతారా ఎవరైనా?”

“నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దు చాలు. ఒకదాని మీద 1918 కనిపిస్తోందా? దాని కింద తామర పువ్వు ఉంటుంది చూడు, పువ్వు కింద చుక్క ఉందా?”

అన్నయ్య ఫోను దగ్గరగా పెట్టాడు. చుక్క ఉంది. బొంబాయిది. చుక్క లేకపోతే కలకత్తాది. మర్నాడు అన్నయ్య తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాడు, 11.6 గ్రాములు వచ్చిందట. కంసాలి దాన్ని బల్ల మీద ఖంగుమని మోగించి, ఇంత మంచి వెండి ఇప్పుడు పట్టీల్లో కూడా దొరకదు అన్నాడట.

దాన్ని ఇక్కడికి తెప్పించుకోవడం మాత్రం కుదరదు, మీరూ ప్రయత్నించకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, సొంతదైనా సరే దేశం దాటించకూడదు. చట్టం అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. అందుకని ఎప్పుడో దశాబ్దాల కిందటే అమెరికా వచ్చేసిన రూపాయిని ఇక్కడే ఒక పెద్దాయన షాపులో కొన్నాను, 1918, కలకత్తా. డాలర్ల దుకాణమే అది, రూపాయలు ఒక మూల డబ్బాలో కలగాపులగంగా ఉన్నాయి. పిట్‌మన్ లెక్క చెప్పి 2.25 కాగితం మీద వేసి చూపిస్తే ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండోసారి భాగించి చూసుకున్నాడు. “ఇన్నేళ్ళుగా రెండూ అమ్ముతున్నాను, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు” అన్నాడు.

తూకం 11.62, నీళ్ళలో 1.12, భాగిస్తే 10.37. చిన్న నాణెం కాబట్టి వందో వంతు గ్రాము తేడా వచ్చినా సాంద్రత చాలా అటూ ఇటూ అవుతుంది, అందుకని వరసగా కొన్నిసార్లు తూచి మధ్యస్థం తీసుకున్నాను.

ఆగస్టు

చివరిది డెన్వర్. మోర్గాన్ డాలర్లు అక్కడ కొట్టింది 1921 ఒక్క ఏడాదే, 2,03,45,000. చూడటానికి ఇదే అన్నిటికంటే పేలవంగా ఉంటుంది, ధర కూడా తక్కువ, చాలామంది దీన్ని పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం ఇది ముఖ్యం. పిట్‌మన్ చట్టంలోనే ఇంకో షరతు ఉంది: కరిగించిన ప్రతి డాలర్‌కీ బదులుగా అమెరికా గనుల నుంచే వెండి ఔన్సు ఒక డాలర్‌కి కొని కొత్త డాలర్ కొట్టాలి. 1921లో మోర్గాన్ డాలర్ మళ్ళీ మొదలైంది అందుకే. అంటే ఇండియాకి వెళ్ళిన వెండికి బదులు కొట్టిన నాణెం ఇది.

పాత మూల అచ్చులు 1910లోనే నాశనం చేసేశారు. అందుకని మోర్గానే, అప్పటికి ప్రధాన శిల్పి, డెబ్బై అయిదేళ్ళ మనిషి, మళ్ళీ కూర్చుని బొమ్మంతా కొత్తగా చేశాడు. లోతు తగ్గింది, చదునుగా వచ్చింది. 1881తో పోలిస్తే జుట్టు పాయలు కలిసిపోయి ఉంటాయి, డేగ పల్చగా అనిపిస్తుంది. డి అక్షరం మరీ చిన్నది, భూతద్దం లేకపోతే ధూళి అనుకుని తుడవబోతాం. ఆ ఏడాది చివర్లోనే పీస్ డాలర్ వచ్చి దీని స్థానం తీసేసుకుంది. బరువు 26.70, నీళ్ళలో 2.58.

పలక పని మొదలైంది. చెక్కతో చేద్దామని ఉండేది గానీ ఓక్ లాంటి చెక్కలు వదిలే ఆమ్లపు ఆవిర్లు లోహానికి మంచివి కావు, ఉన్ని గుడ్డలో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. అందుకని మందపాటి అక్రిలిక్ పలక, వెనక పాలియెస్టర్ గుడ్డ. గూళ్ళు గీసి ఇచ్చాను, కోసే షాపు వాళ్ళు వచ్చే వారం అన్నారు. వరస ఇలా ఉంటుంది: ఫిలడెల్ఫియా, శాన్ ఫ్రాన్సిస్కో, న్యూ ఆర్లీన్స్, కార్సన్ సిటీ, తర్వాత రూపాయి, చివర డెన్వర్. రూపాయిని ఆఖర్న కాకుండా మధ్యలో పెట్టింది కావాలనే, 1904కీ 1921కీ మధ్య జరిగింది అదే కాబట్టి. కింద రాసే చీటీ మీద పేర్లూ ఏళ్ళూ తప్ప ఇంకేమీ వద్దనుకున్నాను, రూపాయి కింద మాత్రం 371.25 ÷ 165 = 2.25 అని వేయిస్తాను.

ఆ రెండణాల నికెల్ బిళ్ళ ఒకటి, 1918ది, వెతుకుతున్నాను. దొరికితే రూపాయి పక్కన ఇంకో చిన్న గూడు. షాపు వాళ్ళకి ఫోన్ చేసి గీత మార్చమని చెప్పాలి, ఇంకా కొయ్యలేదట.